ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో: దూరం 12,380 కి.మీ. అయితే ప్రయాణం 16 గంటలు ఎందుకు?

కిటికీసీటు · సోమవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. అమ్మ ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఒంటరిగా వస్తోంది. మోకాళ్ల నొప్పులున్నాయి. అందుకే సీట్లో ఎంతసేపు కూర్చోవాల్సి వస్తుందో సరిగ్గా తెలుసుకోవాలని చూస్తున్నాను.

దూరాలు చూపించే ఒక సైట్లో రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే 12,380 కి.మీ. అని వచ్చింది. దాని కిందే "ప్రయాణ సమయం 13 గంటల 45 నిమిషాలు" అని ఉంది. టికెట్ చూస్తే నాన్‌స్టాప్‌కే 16 గంటలు. ఇంకో సైట్లో 6,680 మైళ్లు అని, మరో చోట 7,690 మైళ్లు అని ఉంది. రెండు గంటలకు పైగా తేడా ఎక్కడి నుంచి వస్తోంది? దూరం తప్పా, సమయం తప్పా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

లెక్కలమాస్టారు · సోమవారం, రాత్రి 10:02

దూరం తప్పు కాదండీ. మైళ్ల గొడవ ముందు తేల్చేద్దాం. 6,680 అన్నది నాటికల్ మైళ్లలో, 7,690 అన్నది మామూలు మైళ్లలో. నాటికల్ మైలంటే 1.852 కి.మీ., మామూలు మైలు 1.609 కి.మీ. హెచ్చవేసి చూడండి, రెండూ దాదాపు ఒకే చోటికి వస్తాయి. పైలట్లు వాడేది నాటికల్ మైలు.

ఇక 12,380 ఎలా వచ్చిందంటే: ఢిల్లీ విమానాశ్రయం సుమారు 28.57 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.10 తూర్పు రేఖాంశం. శాన్‌ఫ్రాన్సిస్కో 37.62 ఉత్తరం, 122.38 పశ్చిమం. రేఖాంశాల మధ్య దగ్గరి తేడా 160.5 డిగ్రీలు. గోళాకార త్రికోణమితి సూత్రంలో వేస్తే భూకేంద్రం దగ్గర రెండు ఊళ్ల మధ్య కోణం 111.3 డిగ్రీలు వస్తుంది. భూమి మీద ఒక్కో డిగ్రీకి 111.2 కి.మీ. గుణిస్తే సుమారు 12,380.

భూమి పూర్తి గోళం కాదు. మధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కి.మీ., ధ్రువాల దగ్గర 6,357. గోళం అనుకుని చేసే లెక్కలో ఆ కారణంగా అర శాతం దాకా తేడా రావచ్చు. ఒక సైట్లో 12,370, ఇంకో దాంట్లో 12,380 కనిపించడం అందుకే. మీ రెండు గంటల తేడాకి అది కారణం కాదు.

ఇంట్లో గ్లోబు ఉంటే ఒక పని చేయండి. దారం తీసుకుని ఒక కొస ఢిల్లీ మీద బొటనవేలితో నొక్కి పట్టుకోండి, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగండి. వదులుగా ఉన్నంతసేపు దారం జపాన్ మీదుగానో యూరప్ మీదుగానో ఉంటుంది. బిగించేకొద్దీ పైకి జారుతుంది. చివరికి టిబెట్, పశ్చిమ చైనా, సైబీరియా దాటి ఆర్కిటిక్ సముద్రం మీద ఆగుతుంది. అత్యంత ఉత్తరాన ఉన్న చోటు 75 డిగ్రీల అక్షాంశం పైనే. ఢిల్లీలో దారం బయలుదేరే దిశ దాదాపు ఉత్తరం, కొద్దిగా మాత్రమే తూర్పుకి. ఇదే గ్రేట్ సర్కిల్. రెండు చోట్ల మధ్య ఇంతకన్నా దగ్గర దారి లేదు.

పొద్దుతిరుగుడు · సోమవారం, రాత్రి 10:31

అమెరికాకి వెళ్లాలంటే ఉత్తరానికి బయలుదేరాలా! మ్యాపులో చూస్తే అడ్డంగా గీత గీసుకుంటే చాలనిపిస్తుంది.

లెక్కలమాస్టారు · సోమవారం, రాత్రి 10:40

గోడకి తగిలించే మ్యాపుల్లో చాలావరకు మెర్కేటర్ పద్ధతివి. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ అందులో అన్నీ సాగిపోతాయి. గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనబడుతుంది, నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు. అలాంటి మ్యాపు మీద అడ్డ గీత చాలా పొడవైన దారి.

డిస్పాచ్‌డెస్క్ · మంగళవారం, ఉదయం 6:25

నేను ఫ్లైట్ డిస్పాచ్‌లో, అంటే విమానం ఏ దారిలో వెళ్లాలో ముందే లెక్కవేసే విభాగంలో పనిచేస్తాను. మాస్టారి లెక్క సరైనదే. అయితే ఆ గీత మీద విమానం వెళ్లదు. కిటికీసీటు గారి ప్రశ్నకి అసలు జవాబు అక్కడే ఉంది కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను.

మొదటి అడ్డంకి టిబెట్ పీఠభూమి. కేబిన్‌లో గాలి ఒత్తిడి పోతే విమానాన్ని వెంటనే సుమారు 10,000 అడుగులకి దించాలి. అక్కడైతే మాస్కు లేకుండా ఊపిరి పీల్చుకోవచ్చు. టిబెట్‌లో నేలే సగటున 4,500 మీటర్లు, అంటే 14,000 అడుగుల పైమాట. దిగడానికి చోటు లేదు. తలమీద నుంచి జారిపడే మాస్కుల్లో ఆక్సిజన్ సాధారణంగా 12 నుంచి 15 నిమిషాలకే వస్తుంది. కొన్ని విమానాల్లో ఎక్కువసేపు వచ్చే ఏర్పాటు ఉంటుంది, తప్పించుకునే దారులు ముందే గీసుకుని ఆ అంచుల మీదుగా వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఎక్కువమంది మాత్రం చుట్టూ తిరిగే వెళతారు. గీత అక్కడే వంకర తిరిగింది.

రెండోది ఎవరి ఆకాశం తెరిచి ఉంది, ఎవరిది మూసి ఉంది అన్నది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకి మూసేసింది. ఢిల్లీ నుంచి పడమటికి ఎగిరేవి దక్షిణంగా అరేబియా సముద్రం వైపు తిరిగి వెళ్లాల్సి వచ్చింది. ఉత్తర అమెరికా వెళ్లే కొన్ని విమానాలు ఇంధనం కోసం వియన్నా, కోపెన్‌హాగన్‌లలో ఆగాయి. 2022లో రష్యా ఆకాశం యూరప్ సంస్థలకి మూతపడ్డప్పుడు హెల్సింకి – టోక్యో ప్రయాణం తొమ్మిది గంటల చిల్లర నుంచి దాదాపు పదమూడుకి పెరిగింది. ఎయిర్‌పోర్టులు ఉన్నచోటే ఉన్నాయి, గ్రేట్ సర్కిల్ దూరం ఒక్క కిలోమీటరు కూడా మారలేదు. సమయం మాత్రం మూడున్నర గంటల దాకా పెరిగింది. దూరం చూపించే సైట్లకి ఈ సంగతులేవీ తెలియవు.

మూడోది గాలి. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ఇదే. మధ్య అక్షాంశాల్లో 30,000 నుంచి 40,000 అడుగుల మధ్య పడమటి నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ వీస్తుంది. గంటకి 150 కి.మీ. మామూలు, చలికాలంలో 300 దాటడమూ ఉంది. విమానం చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే 900 వేగంతోనే పోతుంది. ఆ గాలే 150 వేగంతో మనవైపు వస్తుంటే నేల మీద లెక్కకి 750 మాత్రమే. వెనక నుంచి తోస్తే 1,050. సీటు ముందు తెర మీద కనిపించే గ్రౌండ్ స్పీడ్ ఇదే.

మాకు లండన్, వాషింగ్టన్‌లలోని ప్రపంచ వాతావరణ అంచనా కేంద్రాల నుంచి ఎత్తుల వారీగా గాలుల అంచనాలు వస్తాయి. వాటిని సాఫ్ట్‌వేర్‌లో వేసి ఆ రోజుకి తక్కువ ఖర్చయ్యే దారి ఏదో చూస్తాం. ఇవాళ్టి దారి రేపు ఉండకపోవచ్చు. ఒకే రోజు రెండు విమానాలకి రెండు వేర్వేరు దారులు ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

గాలివాటం · మంగళవారం, ఉదయం 8:10

పై పోస్టుకి ఇదే రూట్‌లో మంచి ఉదాహరణ ఉంది. 2016 అక్టోబర్‌లో ఎయిర్ ఇండియా ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు కాకుండా పసిఫిక్ మీదుగా నడిపింది. అట్లాంటిక్ దారి సుమారు 13,900 కి.మీ. పసిఫిక్ దారి 15,300. అంటే 1,400 కి.మీ. ఎక్కువ. చేరింది మాత్రం పద్నాలుగున్నర గంటల్లో, పాత దారి కన్నా దాదాపు రెండు గంటలు ముందు.

ఇంకో విశేషం, తిరుగు ప్రయాణం అట్లాంటిక్ మీదుగానే. అంటే వెళ్లేటప్పుడూ తూర్పుకే, వచ్చేటప్పుడూ తూర్పుకే. రెండు వైపులా గాలి వెనక నుంచే తోస్తుంది. రాకపోకలు పూర్తయ్యేసరికి విమానం భూమి చుట్టూ ఒక చుట్టు తిరిగేసినట్టే. విమానయానంలో నాకు బాగా నచ్చిన నిర్ణయాల్లో ఇదొకటి. "దగ్గర దారే త్వరగా చేరుస్తుంది" అనుకునేవాళ్లకి నేను ఎప్పుడూ ఇదే చెబుతాను.

లెక్కలమాస్టారు · మంగళవారం, ఉదయం 9:45

ఆ అంకెల్ని భాగించి చూశాను. 15,300ని 14.5తో భాగిస్తే గంటకి సగటున 1,055 కి.మీ. 13,900 దారికి పదహారున్నర గంటలు పట్టిందనుకుంటే 842. విమానాలు ఎగిరే ఎత్తులో శబ్దవేగం సుమారు 1,062, విమానం దానిలో 85 శాతం అంటే 903తో పోతుంది. 1,055కీ 903కీ మధ్య ఉన్న 150 గాలి పెట్టిన పెట్టుబడే. 842కీ 903కీ మధ్య 60 గాలి తీసుకున్నదీ, పైకెక్కి కిందికి దిగేటప్పుడు తగ్గే వేగమూ కలిపి.

రెండోవరస · మంగళవారం, మధ్యాహ్నం 12:20

నాకు చిన్నప్పటి నుంచి ఒక సందేహం. భూమి పడమటి నుంచి తూర్పుకి తిరుగుతుంది కదా. పడమటికి వెళ్లే విమానం కిందకి ఊరే తిరిగి రావాలి, అప్పుడు అటువైపే త్వరగా చేరాలి. మీరేమో తూర్పుకే త్వరగా చేరుతుందంటున్నారు.

గాలివాటం · మంగళవారం, మధ్యాహ్నం 12:52

భూమితో పాటు గాలీ తిరుగుతుందండీ. మధ్యరేఖ దగ్గర నేల గంటకి 1,670 కి.మీ. వేగంతో తిరుగుతోంది, అక్కడి గాలి కూడా దాదాపు అంతే. రన్‌వే మీద నిలబడ్డ విమానానికి కూడా ఆ వేగం ముందే ఉంది. కాబట్టి భూభ్రమణం వల్ల నేరుగా లాభమూ లేదు, నష్టమూ లేదు.

చుట్టుదారిలో మాత్రం సంబంధం ఉంది. వేడి ప్రాంతాల గాలికీ చలి ప్రాంతాల గాలికీ మధ్య ఉష్ణోగ్రత తేడా వల్ల పై ఎత్తుల్లో గాలి ధ్రువాల వైపు కదలబోతుంది. భూమి తిరుగుతూ ఉండడం వల్ల అది తూర్పుకి మళ్లుతుంది. జెట్ స్ట్రీమ్ పుట్టేది అలా. చలికాలంలో ఆ ఉష్ణోగ్రత తేడా ఎక్కువ కాబట్టి గాలి జోరూ ఎక్కువే.

2020 ఫిబ్రవరిలో కియారా తుఫాను సమయంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా ఆరు గంటల పైమాటే. ఒక దశలో నేల మీద లెక్కకి వేగం 1,290 కి.మీ. దాటింది.

పొద్దుతిరుగుడు · మంగళవారం, మధ్యాహ్నం 1:05

అంటే ధ్వని వేగం దాటిందా?

డిస్పాచ్‌డెస్క్ · మంగళవారం, మధ్యాహ్నం 1:30

దాటలేదు. ధ్వని వేగాన్ని చుట్టూ ఉన్న గాలితో పోల్చి చూడాలి. ఆ గాలిలో అది ఎప్పటిలాగే 85 శాతం దగ్గరే ఉంది. గాలే పరిగెడుతోంది.

లెక్కలమాస్టారు · మంగళవారం, సాయంత్రం 5:18

ఇంకొక మాట. వెళ్లేటప్పుడు పోయిన సమయం వచ్చేటప్పుడు తిరిగి వచ్చేస్తుంది, మొత్తం మీద సమానమే అని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. 9,000 కి.మీ. దూరం, 900 వేగం అనుకోండి. గాలి లేకపోతే పోనూ రానూ 20 గంటలు. 100 కి.మీ. గాలి ఉంటే ఒకవైపు 1,000 వేగంతో 9 గంటలు, రెండోవైపు 800 వేగంతో 11 గంటల 15 నిమిషాలు. మొత్తం 20 గంటల 15 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు గడుపుతాం కాబట్టి నష్టం ఎప్పుడూ లాభం కన్నా పెద్దదే. అందుకే 2016 నాటి ఆ రెండువైపులా తూర్పు ఆలోచన అంత బాగా పనిచేసింది.

కిటికీసీటు · మంగళవారం, రాత్రి 8:47

ఎంత ఓపిగ్గా చెప్పారండీ, అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు సగం టెన్షన్ తగ్గింది. ఇంకో రెండు అనుమానాలు. టికెట్‌లో వేసే 16 గంటలు గాల్లో ఉండే సమయమా? టికెట్‌లోనే బయలుదేరే టైమూ చేరే టైమూ చూస్తే ఒకే రోజు, మూడున్నర గంటల తేడాతో ఉన్నాయి. దాన్ని ఎలా లెక్కపెట్టాలి?

డిస్పాచ్‌డెస్క్ · మంగళవారం, రాత్రి 10:15

కాదు. దాన్ని బ్లాక్ టైమ్ అంటాం. ఢిల్లీలో విమానం గేటు నుంచి కదిలిన నిమిషం మొదలు, అక్కడ గేటు దగ్గర ఆగే నిమిషం దాకా. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, వరసలో నిలబడడం, దిగాక మళ్లీ గేటు దాకా రావడం అన్నీ అందులోనే. రద్దీ ఎయిర్‌పోర్టుల్లో ఇవే అరగంట నుంచి ముప్పావుగంట తినేస్తాయి. దానికి తోడు, ఆలస్యమైనా సమయానికి చేరినట్టు ఉండేలా సంస్థలు షెడ్యూల్‌లో కొన్ని నిమిషాలు అదనంగా వేసుకుంటాయి. అందుకే ఒక్కోసారి "ముప్పై నిమిషాలు ముందే దిగుతున్నాం" అని పైలట్ ప్రకటిస్తారు.

షెడ్యూల్ ఏడాదికి రెండుసార్లు మారుతుంది, మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. చలికాలపు గాలులకి తగ్గట్టు నిమిషాలు అటూ ఇటూ అవుతాయి. కాబట్టి స్నేహితులు వేసవిలో వెళ్లినప్పటి సమయాన్ని పట్టుకుని డిసెంబర్ ప్రయాణానికి లెక్క వేయకండి.

నిదానంగా · మంగళవారం, రాత్రి 10:58

టైమ్ లెక్క నేను చెబుతాను. రెండు టైములూ యూటీసీకి (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) మార్చి, ఆ తర్వాత ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేయండి. భారత్ యూటీసీ కన్నా ఐదున్నర గంటలు ముందు. శాన్‌ఫ్రాన్సిస్కో వేసవి సమయంలో 7 గంటలు వెనక, చలికాలంలో 8.

తెల్లవారుజామున 4:00కి ఢిల్లీలో బయలుదేరి, వేసవిలో అదే రోజు ఉదయం 7:30కి అక్కడ దిగారనుకుందాం. ఢిల్లీ 4:00 అంటే యూటీసీ ప్రకారం ముందురోజు రాత్రి 22:30. అక్కడి 7:30 అంటే యూటీసీ 14:30. మధ్యలో 16 గంటలు. అంతే. పసిఫిక్ మీదుగా వెళ్లి డేట్ లైన్ దాటినా, అట్లాంటిక్ మీదుగా వెళ్లినా ఈ లెక్కలో ఏమీ మారదు.

అమెరికాలో గడియారం మార్చేది మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం. ఆ వారాల్లో టికెట్ ఉంటే ఎయిర్‌పోర్టుకి వెళ్లి అమ్మగారిని ఎక్కించుకునేవాళ్లు ఒక గంట తేడా జాగ్రత్తగా చూసుకోవాలి.

మందులచీటీ · బుధవారం, ఉదయం 7:05

నేను ఫిజియోథెరపీలో ఉన్నాను. దూరాల సంగతి పక్కన పెట్టి అమ్మగారి గురించి చెబుతాను. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే అవకాశం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన పరిశోధన చెప్పింది. భయపడక్కర్లేదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది సుమారు ఆరు వేలమందిలో ఒకరికి. కానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నొప్పికి భయపడి లేవడమే మానేస్తారు, సమస్య అక్కడ. నడవ పక్క సీటు తీసుకోండి. గంటకోసారి లేవాలి, లేవలేనప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించాలి, నీళ్లు తాగుతూ ఉండాలి. బీపీ, షుగర్ మందులుంటే చేతి సంచిలో ఉంచండి, ఏ దేశపు టైము ప్రకారం వేసుకోవాలో డాక్టర్‌ని అడిగి చీటీ మీద రాయించండి. వీల్‌చెయిర్ టికెట్ బుక్ చేసేటప్పుడే అడగండి.

నా మటుకు నాకు మధ్యలో ఆగే టికెట్ మంచిదనిపిస్తుంది. ఎనిమిది గంటలు, కాసేపు నడక, మళ్లీ ఎనిమిది గంటలు.

రెండోవరస · బుధవారం, ఉదయం 7:40

దీనికి మాత్రం ఒప్పుకోలేను. ఒంటరిగా వచ్చే పెద్దావిడ. మధ్యలో తెలియని ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ చెకింగ్ మళ్లీ, టెర్మినల్ మారడం, గేటు వెతుక్కోవడం. మొదటి విమానం ఆలస్యమైతే రెండోది తప్పిపోతుంది. మొత్తం ప్రయాణం 16 గంటలు కాస్తా 22 అవుతుంది. మోకాళ్లకి ఆ నడకే ఎక్కువ. నాన్‌స్టాప్‌లో ఎక్కాక దిగడం తప్ప ఇంకే పనీ ఉండదు.

మందులచీటీ · బుధవారం, ఉదయం 8:02

ఒంటరిగా అన్నమాట ముఖ్యం, నిజమే. తోడు ఉంటే ఆగే టికెట్, ఒంటరిగా అయితే నాన్‌స్టాప్ అందాం. లేచి తిరగడం మాత్రం మానకూడదు.

కిటికీసీటు · బుధవారం, రాత్రి 9:30

నాన్‌స్టాపే ఖాయం చేశాను. నడవ సీటు మార్పించాను, వీల్‌చెయిర్ కూడా అయింది. 16 గంటల బ్లాక్ టైమ్‌కి ఎయిర్‌పోర్టులో ముందూ వెనకా పట్టే సమయం కలిపి ఇరవై గంటలకి అమ్మని సిద్ధం చేస్తున్నాను. మందుల చీటీ రేపు డాక్టర్‌తో రాయిస్తాను.

పొద్దుతిరుగుడు · గురువారం, ఉదయం 10:11

థ్రెడ్ చదువుతుంటే ఆసక్తి పెరిగింది. ఇప్పుడున్న వాటిలో అన్నిటికన్నా పొడవైన ప్రయాణం ఏది?

గాలివాటం · గురువారం, ఉదయం 11:26

సింగపూర్ – న్యూయార్క్ జేఎఫ్‌కే. గ్రేట్ సర్కిల్ దూరం 15,349 కి.మీ. షెడ్యూల్‌లో సుమారు పద్దెనిమిదిన్నర నుంచి పంతొమ్మిది గంటల దాకా. ఏ350-900 యూఎల్ఆర్ అనే ప్రత్యేక రకం విమానంలో 165,000 లీటర్ల ఇంధనం పడుతుంది, సీట్లు 161 మాత్రమే. ఎకానమీ సీట్లే లేవు. బరువు తగ్గించుకుంటేనే అంత దూరం పోగలదు.

దోహా – ఆక్లండ్ కూడా చూడండి, 14,500 కి.మీ. పైనే. దోహా నుంచి తూర్పుకి వెళ్లేటప్పుడు పదహారు గంటల చిల్లర, తిరిగి వచ్చేటప్పుడు పదిహేడు దాటుతుంది.

డిస్పాచ్‌డెస్క్ · గురువారం, మధ్యాహ్నం 2:03

సింగపూర్ – న్యూయార్క్‌ని దాటబోయేది ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ సిడ్నీ – లండన్, సుమారు 17,000 కి.మీ. ప్రాజెక్ట్ సన్‌రైజ్ అని పేరు పెట్టారు. ఏ350-1000లో వెనక వైపు 20,000 లీటర్ల అదనపు ట్యాంకు పెట్టిస్తున్నారు. 2019 అక్టోబర్‌లో ప్రయోగంగా న్యూయార్క్ నుంచి సిడ్నీకి 19 గంటల 16 నిమిషాలు ఆగకుండా ఎగిరారు, యాభై మందికి మించకుండా ఎక్కించుకుని. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్య అయినా ఉపరితలం మీద దూరం 20,000 కి.మీ. చుట్టుపక్కలే గరిష్ఠం, చుట్టుకొలత 40,000 కాబట్టి. సిడ్నీ – లండన్ సాధ్యమైతే ఇక మిగిలేది మూడు వేల కిలోమీటర్లే.